నిచ్చెనెక్కిన గుర్రం

పోయిన వారం డెల్బర్ట్ హకాలాను మంచు మీద బోర్లా పడేసి మనం ఎవరి ఇళ్లకు వాళ్లం వెళ్లిపోయాం. ఏడు రోజులు మనిషిని ఆ చలిలో అలా వదిలేయడం న్యాయమేనా అని ఒకావిడ ఉత్తరం రాసింది. న్యాయం కాదు. కానీ పత్రికలో నాకిచ్చిన జాగా అక్కడికే సరిపోయింది. నిజానికి అతను నలభై సెకన్లలో లేచాడు. లేవకుండా ఉంటే బాగుండేదేమో, అది మీరే చెప్పాలి.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. మంగళవారం సాయంత్రం మా నికెల్ బే జట్టుకీ హార్పర్ లేక్ జట్టుకీ మంచు మీద హాకీ ఆట. రెండో భాగంలో డెల్బర్ట్ గోలు వెనక పక్ కోసం, అదే రబ్బరు బిళ్ల కోసం, వంగాడు. హార్పర్ లేక్ ఆటగాడు గార్నెట్ మొరిసెట్ అడ్డంగా దూసుకొచ్చి భుజంతో అతని దవడ మీద గుద్దాడు. రెఫరీ గార్నెట్‌ని ఆటలోంచి పంపేశాడు. డెల్బర్ట్‌ని లోపలికి తీసుకెళ్లి తల పరీక్ష చేస్తే నెగ్గాడు. మూడో భాగంలో మళ్లీ దిగి, ఒక గోలుకు పక్ అందించాడు కూడా. తమాషా ఏమిటంటే వీళ్లిద్దరూ శత్రువులు కారు. పదహారేళ్లప్పుడు ఊరు విడిచి ఆట కోసం వచ్చి, బెర్నిస్ కెలావే అనే ఆవిడ ఇంట్లో ఒకే గదిలో రెండేళ్లు పెరిగారు. మా వైపు ఆడటానికి వచ్చిన కుర్రాళ్లను అలా ఇళ్లలో పెట్టుకుంటారు. ఆమెను ఇద్దరూ అమ్మా అనే పిలిచేవారు.

గురువారం ఉదయం పది గంటలకు గార్నెట్‌కి విచారణ. మా లీగ్‌లో ఒక పద్ధతుంది. ఫోన్‌లో విచారిస్తామంటే ఐదు ఆటల లోపు నిషేధం. ఎదురుగా వచ్చి కూర్చోమంటే అంతకు మించే ఉండొచ్చని అర్థం. గార్నెట్‌ని వచ్చి కూర్చోమన్నారు.

చోటు మా స్టేడియం పై గది. కింద మంచంతా కనబడేలా ఒక గోడ నిండా అద్దం. బల్ల మీద డోనట్ల పెట్టె, ఎవరూ ముట్టుకోలేదు. నేను పై గదుల మనిషిని కాను, మెట్ల కింద కొట్లో నలభై ఒక్క ఏళ్లుగా స్కేట్ల బ్లేడ్లకు పదును పెడుతున్నవాణ్ణి. పేరు అల్సైడ్. ఆటగాళ్లు తాతా అంటారు. డెల్బర్ట్ హెల్మెట్ కావాలని కబురొస్తే పట్టుకెళ్లాను. తిరిగి వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు కాబట్టి గోడవార కుర్చీలో కూర్చున్నాను. అనకపోతే కూర్చునే రకం నేను.

బల్లకు ఆ చివర లోర్న్ కిడ్. దెబ్బలకు శిక్షలు వేసే పెద్దమనిషి. ఈయన ఆడే రోజుల్లో ఒకసారి సడ్‌బరీ ఆటగాణ్ణి గుద్దితే, వాడి వీపు మీది పేరు ఊడి ఎగిరిపోయి మూడో వరసలో కూర్చున్న ఒక వడ్రంగి కోటుకు అతుక్కుంది. ఏడాది పాటు ఆ వడ్రంగికి అభిమానుల ఉత్తరాలు వచ్చాయి. నేను కళ్లారా చూశాను. అలాంటివాణ్ణే ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. దొంగతాళాల సంగతి దొంగకే తెలుస్తుందని కాబోలు.

లోర్న్ వీడియో పెట్టాడు. మూడు సెకన్ల ముక్క. పదకొండుసార్లు తిప్పాడు. పదకొండుసార్లూ డెల్బర్ట్ వంగాడు, పదకొండుసార్లూ గార్నెట్ వచ్చాడు. ఎక్కడా ఏమీ మారలేదు.

"డెల్, నువ్వు చెప్పు," అన్నాడు లోర్న్.

డెల్బర్ట్ ముప్పైరెండేళ్లవాడు. గడ్డం కింద పసుపు పచ్చగా కమిలిన మచ్చ. కుర్చీలో వెనక్కి వాలి, గది వెలుతురు నచ్చనట్టు కళ్లు చికిలించి కూర్చున్నాడు.

"తల దించుకుని ఉన్నాను సార్. తప్పు నాదే. తలెత్తి ఆడరా అని మా నాన్న నా ఐదో ఏట నుంచీ చెబుతూనే ఉన్నాడు."

"మీ నాన్నను నేను పిలవలేదు. నిన్ను పిలిచాను."

"అదే చెప్తున్నా. తల దించాను. తగిలింది. అంతే."

దెబ్బ తిన్న ప్రతివాడూ చెప్పే మాటే ఇది. నా ఎరుకలో తల దించుకున్నానని చెప్పనివాడు ఒక్కడే, వాడికి అప్పటికి దవడ తీగతో కట్టేసి ఉంది. కొట్టినవాడి మీద చెప్పడం మా వాళ్లలో చాడీ కిందికి వస్తుంది. చాడీ చెప్పినవాడి పక్కన బెంచీ మీద ఎవరూ కూర్చోరు.

"నువ్వో?" అన్నాడు లోర్న్, గార్నెట్ వైపు తిరిగి.

"ఆఖరి క్షణంలో తల తిప్పాడండీ," అన్నాడు గార్నెట్. బల్ల మీది గీతల్ని చూస్తూ చెప్పాడు. "నేను భుజానికి కొడదామనే వచ్చాను."

"తిప్పాడు. పక్ అటుంది కాబట్టి తిప్పాడు. పక్ కోసం కాక పక్కింటివాళ్ల కోసం తిప్పుతాడా? నీకు ఆగడానికి ఎంత జాగా ఉంది?"

గార్నెట్ బల్ల మీది గీతను గోటితో గీకాడు.

"ఆరడుగులు. కొలిచాను. నా రోజుల్లో దీనికి చప్పట్లు కొట్టేవాళ్లు. ఇప్పుడు కాగితం రాస్తారు. ముందు తగిలింది తలకేనా, అవును. తప్పించగలిగేవాడివా, అవును. ఇక్కడిదాకా నాకు సందేహం లేదు. మిగిలింది ఒక్కటే. అతనికి గాయమైందా లేదా. కాకపోతే నాలుగు ఆటలు. అయితే పది."

పది అంటే గార్నెట్‌కి ఈ సంవత్సరం అయిపోయినట్టే. లీగ్ ఆటలు తొమ్మిదే మిగిలాయి. ఆ తర్వాతి కప్పు ఆటల దాకా వాళ్ల జట్టు చేరేలా లేదు.

"గాయమా?" అన్నాడు డెల్బర్ట్ నవ్వి. "ఆడాను కదండీ. గోలు చేయించాను. శనివారం ఆడుతున్నాను. ఎనిడ్ దగ్గర కాగితం కూడా ఉంది."

ఎనిడ్ పెట్రిచ్ మా జట్టుకు దెబ్బలు చూసే మనిషి. తల పరీక్ష చేయాల్సింది ఆవిడే, సరేనని సంతకం పెట్టాల్సిందీ ఆవిడే. ఆవిడ మాట లేకుండా కోచ్ కూడా ఎవరినీ దింపడానికి వీల్లేదు. ఫైలులోంచి కాగితం తీసి లోర్న్ ముందుకు జరిపింది. ఆ పరీక్ష మీకూ చెబుతాను, కష్టమైనదేం కాదు. ఐదు మాటలు చదివి వినిపిస్తారు. వెంటనే తిరిగి చెప్పాలి. పది నిమిషాలాగి మళ్లీ అడుగుతారు. తల కుదుటగా ఉన్నవాడు ఐదూ చెబుతాడు.

లోర్న్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"పది నిమిషాల తర్వాత, ఐదుకి ఐదు. ఐదు టిక్కులు. బాగుంది." కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "ఎనిడ్, ఇది నీ రాత కాదే. నీది చీమలు పాకినట్టుంటుంది. ఇదేమో గొడ్డలితో చెక్కినట్టుంది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా జేబులోని పెన్ను మీదికి పోయింది. లోర్న్ అది చూశాడు.

"నువ్వా తాతా?"

"నేనే."

"స్కేట్లు పదునుపెట్టేవాడు తల పరీక్ష చేశాడా?"

"చేయలేదు బాబూ. రాశాను. మాటలు చదివింది ఆవిడే, మొదటిసారి అడిగింది ఆవిడే, అప్పటికి నేనింకా రాలేదు. ఇంతలో ఇంకొకడికి గడ్డం చీరుకుని రక్తం ధారగా కారుతుంటే కుట్లు వేయడానికి పరుగెత్తింది. పది నిమిషాలయ్యాక అడిగి, ఏం చెబితే అది రాయి, సరిగ్గా చెప్పినవాటికి టిక్కు పెట్టు అంది. అడిగాను. ఐదు చెప్పాడు. ఐదు పెట్టాను."

ఎనిడ్ తల దించుకోలేదు. "నిజమే," అంది. "నేను వచ్చి టిక్కులు చూశాను. మాటలు చదవలేదు. సంతకం పెట్టాను."

లోర్న్ కాగితం తిరగేశాడు. ఆవిడ చదివి వినిపించిన మాటలు అచ్చులో అటువైపు ఉన్నాయి. మంగళవారం నేను తిప్పి చూడలేదు. నాలుగో తరగతి చదివినవాడికి కాగితానికి ఒక పక్కే ఎక్కువ.

"గొడుగు, పడవ, మిరియాలు, కుర్చీ, వాన," అని చదివాడు లోర్న్. మళ్లీ ఇటు తిప్పాడు. "గుర్రం, నిచ్చెన, కిటికీ, బకెట్, ఉల్లిపాయ."

ఇంకోసారి అటూ ఇటూ తిప్పాడు.

"ఈ గుర్రం ఎక్కడిదయ్యా?"

నేను నోరు తెరిచేలోగా డెల్బర్ట్ పకపకా నవ్వాడు. "మన తాత గుర్రమే కదండీ. నిచ్చెనెక్కి, కిటికీలోంచి, బకెట్లో ఉల్లిపాయ వేసింది. అవే కదా అడిగేది?"

గదిలో ఇంకెవరూ నవ్వలేదు.

ఆ గుర్రం నాదే. ఒప్పుకుంటాను. మూడేళ్ల కిందట కుర్రాళ్లు వచ్చి, తాతా, ఈ ఐదు మాటలూ తలకు దెబ్బ తగిలితే గుర్తుండి చావడం లేదు, ఏదైనా ఉపాయం చెప్పు అన్నారు. నేను కథ కట్టాను. మా ఊళ్లో ఒక గుర్రం ఉండేది, దానికి ఉల్లిపాయల వాసన పడేది కాదు, యజమాని వంటింట్లో పెట్టిన ప్రతి ఉల్లిపాయనూ అది రాత్రిళ్లు నిచ్చెనెక్కి, కిటికీలోంచి మూతి పెట్టి, బకెట్లో పడేసి పోయేది. స్నానాల గదిలో ఆ కథ పాటలా పాడేవారు. ఎముకలు విరిగినవాడు కూడా గుర్రం మాత్రం తప్పేవాడు కాదు. నాకదొక గొప్పగా ఉండేది. మంగళవారం డెల్బర్ట్ నోట ఆ ఐదూ వరసగా వస్తుంటే, నా కథను నేనే మెచ్చుకుంటూ టిక్కులు పెట్టాను.

"ఆ మాటలు సెప్టెంబరులో మార్చేశాను డెల్," అంది ఎనిడ్ మెల్లగా. "అందరికీ నోటికి వచ్చేశాయని తెలిసే మార్చాను. మంగళవారం నీకు చదివింది గొడుగు, పడవ. మూడుసార్లు చదివాను. మూడోసారికి నువ్వు తిరిగి చెప్పావు. నా చెయ్యి పట్టుకుని చెప్పావు."

"ఎప్పుడు?" అన్నాడు డెల్బర్ట్.

ఆ మాట చాలా మామూలుగా అడిగాడు. బస్సు ఎప్పుడు అన్నట్టు.

లోర్న్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మూడో భాగంలో గోలు చేయించావు కదా. ఎవరు కొట్టారు ఆ గోలు?"

"పేపర్లో ఉంది."

"పేపర్లో ఏముందో నాకు తెలుసు. నీకేం గుర్తుంది?"

డెల్బర్ట్ డోనట్ల పెట్టె వైపు చూశాడు. "గోలు ఎవడు కొడితే ఏముంది సార్. గెలిచాం."

మేం ఓడిపోయాం, మూడు రెండుతో.

లోర్న్ నా వైపు తిరిగాడు. "తాతా, ముప్పై ఏళ్లుగా వింటున్నాను నీ కథలు. ఒక్కటైనా నమ్మినవాణ్ణి చూడలేదు. ఆఖరికి నమ్మింది ఈ కాగితం ఒక్కటే."

నేను పెన్నును జేబులో ఇంకా లోపలికి తోశాను.

"ఇది చెల్లదంటారా?" అన్నాడు డెల్బర్ట్. "మాటలు మారాయని నాకెవరూ చెప్పలేదు. అలవాటుగా పాతవి వచ్చాయి. ఇప్పుడు అడగండి. గొడుగు, పడవ, కుర్చీ, వాన, ఇంకోటి. ఇందాకే విన్నాను. తలకు ఏమైనా అయితే ఇవి చెప్పగలనా?"

వాదన బలంగానే ఉంది. లోర్న్ కూడా గడ్డం గోక్కున్నాడు. గాయం లేదని అందామంటే ఈ మాట చాలు. నాలుగు ఆటలతో అందరూ ఇళ్లకు పోవచ్చు. అందరికీ అదే సుఖం, గార్నెట్‌కి మరీను.

అప్పుడు గార్నెట్ అన్నాడు, "ఇంకోటుందండీ."

"ఒరే, నువ్వు నోరు మూసుకో," అన్నాడు డెల్బర్ట్.

"ఆట అయ్యాక నేను కార్ల దగ్గర నిలబడ్డాను. క్షమించమని అడుగుదామని. వీడు వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. నా మీద కోపం లేదేమో అనుకున్నాను. దగ్గరికొచ్చి నా సంచీ లాక్కుని, 'తొందరగా పదరా, తొమ్మిదిన్నర దాటితే అమ్మ గడియ పెట్టేస్తుంది' అన్నాడు."

బెర్నిస్ కెలావే పోయి ఆరేళ్లయింది. శవపేటికను ముందువైపు మోసింది వీళ్లిద్దరే. ఆ వేళ వీళ్ల బూట్లకు మంచులో జారకుండా ముళ్లు కొట్టింది నేను.

"అబద్ధం," అన్నాడు డెల్బర్ట్. "వీడికి నా మీద జాలి. జాలితో చెబుతున్నాడు."

"నేనేమన్నానో తెలుసా అండీ?" అన్నాడు గార్నెట్, లోర్న్‌తోనే. "'వస్తున్నా పద' అన్నాను. కారులో వాళ్లింటి దాకా దింపాను. గుమ్మం దగ్గర మనిషి తేరుకున్నాడు. థాంక్స్ రా అని లోపలికి పోయాడు."

"ఇది మంగళవారం జరిగింది. ఇవాళ గురువారం," అన్నాడు లోర్న్. "ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదు?"

"నాలుగు ఆటలతో పోతుందని."

లోర్న్ అతని వంక చూశాడు. పాత రోజుల్లో అయితే ఆ చూపు తర్వాత ఎవరో ఒకరు మంచు మీద పడేవారు. ఇప్పుడు పెన్ను తీసి ఒక అంకె రాశాడు.

"పది."

"సరేనండీ," అన్నాడు గార్నెట్. డోనట్ ఒకటి తీసుకుని, కొరకకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

డెల్బర్ట్ లేచాడు. బల్ల మీద నుంచి హెల్మెట్ అందుకున్నాడు. "వాడి లెక్క తేలింది కదా. నాకు పదకొండుకి ప్రాక్టీసు."

"కూర్చో డెల్."

"ఎందుకు సార్? మీరు శిక్ష వేసేది కొట్టినవాడికి. తగిలినవాణ్ణి ఆపే రూలు మీ దగ్గర లేదు."

లేదు. లోర్న్‌కి అది అతని కంటే బాగా తెలుసు.

"ఏప్రిల్‌తో నా కాంట్రాక్టు అయిపోతుంది," అన్నాడు డెల్బర్ట్. గొంతు పెంచలేదు. "తలకు దెబ్బ అని ఒకసారి రాశారంటే, ముప్పైరెండేళ్లవాడికి మళ్లీ స్కేట్లు కట్టుకోమని ఎవడూ చెప్పడు. నాకు వచ్చింది ఇదొక్కటే. తాతా, నా స్కేట్లు పదును పెట్టావా?"

"పెట్టలేదు," అన్నాను.

"నీ అబద్ధాలు నాకు కొత్త కాదు," అని, నా భుజం తట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. పొద్దున్నే పెట్టాను మరి. అతని వరసలో మొదటి కొక్కానికి వేలాడదీశాను.

లోర్న్ కాగితాన్ని ఎనిడ్ వైపు జరిపాడు. "అతన్ని ఆపగలిగేది ఈ సంతకం ఒక్కటే. పెట్టింది నువ్వు, కొట్టేయగలిగేదీ నువ్వే. కొట్టేస్తే ఎందుకు కొట్టేశావో కింద రాయాలి."

"తెలుసు."

"పరీక్ష ఇంకొకరి చేతికిచ్చానని రాశావంటే నీ లైసెన్సు ఉండదు. ఈ తాత చేతికిచ్చానని రాశావంటే నవ్వుతారు కూడా."

"అదీ తెలుసు లోర్న్. మా అమ్మలా ఒక్కొక్కటీ లెక్కపెట్టకు."

ఆవిడ లేచి అద్దం దగ్గరికి వెళ్లింది. నేనూ వెళ్లాను. కింద మంచు మీద మా జట్టు చుట్లు తిరుగుతోంది. డెల్బర్ట్ వచ్చేశాడు. హెల్మెట్ బెల్టు బిగించుకుంటూ, ఎవరో ఏదో అంటే నవ్వుతూ, గుంపులో కలిసిపోయాడు. ఒక్కసారి మలుపు దగ్గర గోడ పట్టుకుని ఆగాడు. చూసేవాడికి స్కేటు సర్దుకుంటున్నట్టుంది. రెండు చేతులూ గోడ మీదే ఉన్నాయి.

కోచ్ చేత్తో సైగ చేశాడు. అందరూ ఒక మూల వరస కట్టారు. నాకు ఆ వరస తెలుసు. ఒక్కొక్కడూ పక్ తీసుకుని గోడవార రావాలి, ఎదురుగా నిలబడ్డ భారీ మనిషి వాణ్ణి గోడకేసి గుద్దాలి. రోజూ చేసేదే.

ఎనిడ్ నా జేబులోంచి పెన్ను లాక్కుంది. అద్దానికే కాగితం ఆనించి, తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టి, కింద రాయడం మొదలుపెట్టింది. చీమలు పాకినట్టే రాసింది. నేను తొంగి చూశాను, నా పేరు కూడా ఉంది, అక్షరాలు తప్పుగా. సరిదిద్దమనలేదు. మూడు వరసలు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది.

"కోచ్‌కి ఇది చేతికివ్వాలి," అంది. "చేతికిస్తేనే లెక్క."

పరుగెత్తింది. గార్నెట్ కూడా లేచి ఆవిడ వెనకే పోయాడు, చేతిలో డోనట్‌తోనే.

ఆ గది నుంచి మంచు దాకా నలభై రెండు మెట్లు, తర్వాత ఒక నడవ, తర్వాత ఒక ఇనుప తలుపు. నేను అద్దాన్ని పిడికిలితో బాదాను. పక్ తగిలినా పగలకూడదని వేయించిన అద్దమది. ఆ చప్పుడు నాకే సరిగ్గా వినబడలేదు.

వరసలో డెల్బర్ట్ ముందు ఇద్దరున్నారు. కోచ్ ఈల వేశాడు. ఇప్పుడు అతని ముందు ఒక్కడే ఉన్నాడు.